ఏ సామెతకైనా రైతు కథే

నందిగామలో ఉమాకాంతం మాస్టారి దగ్గర చదివి ఇంగ్లీషు పరీక్ష తప్పినవాళ్ళు తక్కువ. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అంతకన్నా తక్కువ. పరీక్షలో ఒక ఇంగ్లీషు సామెత ఇచ్చి వివరించమంటారు గదా, దానికాయన ఒక మందు కనిపెట్టారు. ఇది మన పెద్దలు చెప్పిన గొప్ప మాట అని మొదలుపెట్టాలి. తర్వాత ఒక రైతు, అతని సోమరి కొడుకులు, చివరికి వాళ్ళకు బుద్ధి రావడం. ఏ సామెత వచ్చినా ఆ కథే. మొదటి వాక్యంలో సామెత మార్చుకుంటే చాలు.

అహల్య ఆదివారాలు జగ్గయ్యపేటలో బస్సెక్కి వచ్చేది. భర్త విషజ్వరంతో పోతే, ఆయన పనిచేసిన బళ్ళోనే చిన్న తరగతులు చెప్పుకోమని జాలిపడి ఉద్యోగం ఇచ్చారు. సెప్టెంబరులో ఎస్సెల్సీ ఇంగ్లీషు గట్టెక్కకపోతే ఆ ఉద్యోగం ఉండదని ఇన్‌స్పెక్టరు చెప్పేశాడు. వారమంతా బడి, ఇంటి చాకిరీ. ఆదివారం ఈ బట్టీ. బస్సెక్కితే నిద్ర, దిగితే రైతు కథ.

"సామెతలకి అర్థం కూడా చెప్పండి మాస్టారూ," అని ఒకసారి అడిగింది.

"అర్థం తెలిస్తే సొంతంగా రాయాలనిపిస్తుందమ్మా. సొంతంగా రాస్తే తప్పులు పడతాయి. నీకెందుకా బాధ?"

పాపం, చెప్పిందే చెప్పి ఆయనా విసిగిపోయిన మనిషే.

అహల్య పాసైంది. పేపర్లో నెంబరు చూసుకుని అరటిపళ్ళు పట్టుకుని మాస్టారింటికి వచ్చింది. మొహంలో సంతోషం మాత్రం లేదు.

"ఏ సామెత వచ్చిందమ్మా?"

"ఒలికిపోయిన పాల కోసం ఏడిస్తే లాభం లేదంటండి. చదవగానే నాకే అర్థమైపోయింది. ఆయన పోయినప్పట్నుంచీ అందరూ నాకు చెప్పేది అదేగా. ఏడిస్తే వస్తాడా, ఏడిస్తే వస్తాడా అని. పాలు పోగొట్టుకున్నవాళ్ళని కాస్త ఏడవనివ్వాలండీ. అదే రాద్దామని కలం పెట్టా. మాటలు కూడా తోచాయి, తప్పులతోనే అనుకోండి."

"రాశావా?"

"ఉద్యోగం పోతుందని భయమేసింది. మీ రైతునే రాసొచ్చా."

మాస్టారు అరటిపళ్ళు పక్కన పెట్టారు. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర చదివినవాళ్ళెవరికీ ఇంగ్లీషులో చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంటుందని ఆయన అనుకోలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఆ రోజు తోచినట్టే చెప్పు. తప్పులు పట్టను, వింటా."

"ఇప్పుడెందుకు లెండి మాస్టారూ, పాసయ్యాగా," అని అహల్య బస్సుకి లేచింది.