జానెడు సందు

మున్సిపల్ ఆఫీసులో ఇంటి కప్పు మార్చుకోవడానికి అనుమతి ఇచ్చే కిటికీ మెట్ల కింద ఉంటుంది. నిటారుగా నిలబడితే తల పైమెట్టుకి కొట్టుకుంటుంది. వంగే మాట్లాడాలి. కట్టించినవాడు తెలిసే కట్టించి ఉంటాడు.

కిటికీ వెనక గుమాస్తాని అందరూ రేపటాయన అంటారు. ఏదడిగినా రేపు రమ్మంటాడు. నన్ను మాత్రం అలా అనలేదు. ప్లాను తిరగేసి, మధ్య గీత మీద వేలు పెట్టాడు.

"ఈ గోడ ఎవరిది?"

"మాది."

"అవతల ఎవరుంటారు?"

"నా భార్య తమ్ముడు."

"అంటే ఉమ్మడి గోడ. మీ కొత్త కప్పు దీని మీదే ఆనుతుంది. నాకేం అభ్యంతరం లేదని ఆయన సంతకం పెట్టాలి."

"పాత కప్పు కూడా దాని మీదే ఆనింది. అప్పుడెవడూ సంతకం అడగలేదు."

"అప్పుడు నేను లేను కదండీ. అయినా సొంత బావమరిదే కదా! ముక్కూ మొహం తెలియని వాళ్ల గడ్డం పట్టుకుని సంతకాలు తెచ్చుకుంటున్నారు జనం. మీకేం నొప్పి? ఒక టీ తాగించండి, పెట్టేస్తాడు."

కాగితాలు తీసుకుని వచ్చేశాను.

మా ఇల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా మామగారు వడ్రంగి. కూతురికీ కొడుక్కీ తలా సగం రాసిచ్చి, మధ్యలో ఇటుక గోడ తనే లేపాడు. వడ్రంగి కట్టిన గోడ ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇవతల దగ్గితే అవతలి నుంచి దగ్గుమందు వేసుకున్నావా అని అడిగేవాళ్లు. పైన మాత్రం నడిమి దూలం ఒకటే. ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండిళ్ల మీదుగా. దాని మీద పెంకులు.

ఆ గోడ నా భార్యకీ ఆమె తమ్ముడికీ గంటలా పనికొచ్చేది. గరిటె కాడతో ఒకసారి కొడితే ఉన్నావా అని. అవతలి నుంచి ఒకసారి కొడితే ఉన్నానని. ఆపకుండా కొడితే వెంటనే రమ్మని. ఉప్పు నిండుకున్నా కొట్టేది, కబుర్లకీ కొట్టేది. "మీ ఇద్దరికీ వీధి గుమ్మాలు దండగ" అనేవాణ్ణి. నవ్వేది.

ఆమె పోయిన రోజు నేను దారం మిల్లులో పగటి షిఫ్టులో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి వంటింట్లో నేల మీద ఉంది. చేతి పక్కన గరిటె. కాడ వంగిపోయింది. గోడకి సున్నం పెచ్చులు ఊడి, ఆ పొడి ఆమె జుట్టులో కూడా ఉంది. బావమరిది సరుకుల ఆటో వాడి గుమ్మం ముందే నిలబడి ఉంది. వాడూ ఇంట్లోనే ఉన్నాడు.

"రాత్రంతా బండి తోలి పడుకున్నాను బావా. వినపడలేదు" అన్నాడు. అందరి ముందూ భోరుమన్నాడు.

వినపడకపోవడమేమిటి? ఆ మిల్లు రొదలో నా వయసంతా పోయింది. అయినా అవతల చెంచా కింద పడితే నాకు వినపడేది. అక్క గరిటె వంగేదాకా కొడితే తమ్ముడికి వినపడదా? ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే, అని డాక్టరు మిగతా మాట మింగేశాడు. నేను మింగలేదు. అప్పటినుంచి వాడి గుమ్మం తొక్కలేదు. వాడు నా గుమ్మంలోకి వస్తే లోపల గడియ పెట్టుకున్నాను.

పోయిన వానకాలానికి నా వైపు వాసాలు కుంగాయి. చెదలు. మేస్త్రీ ఎక్కి చూసి, పెంకులు తీసి ఇనప గొట్టాల మీద రేకులు వేసుకోమన్నాడు. "ఇంకో వానకి ఆగదు. పడితే సరిగ్గా మీ మంచం మీదే పడుతుంది. అంత గురి ఉంది దానికి" అన్నాడు.

వానలొచ్చేలోపు కప్పు పడాలి. కప్పు పడాలంటే అనుమతి కావాలి. అనుమతికి వాడి సంతకం కావాలి.

మా అమ్మాయిది పక్క వీధిలోనే కాపురం. బట్టలు కుడుతుంది. కాగితం ఇచ్చి దాన్ని పంపాను. వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చింది.

"మామయ్య పెడతానన్నాడు నాన్నా."

"మరి పెట్టలేదేం?"

"నువ్వు రావాలట. వచ్చి కూర్చుని, సంతకం పెట్టరా అంటే చాలట."

"అంటే వెళ్లి వాడి కాళ్ల మీద పడాలా?"

"కాళ్ల మీద ఎవరు పడమన్నారు? కుర్చీలో కూర్చోమన్నాడు."

అప్పుడే గోడ అవతలి నుంచి వాడి గొంతు వినపడింది. "నేనేం నీ ఆస్తి అడగలేదు బావా! ఒక్కసారి రా. ఒక్క మాట."

నేను వాడితో మాట్లాడలేదు. అమ్మాయితోనే అన్నాను, కాస్త గట్టిగా. "ఇప్పుడు బాగానే వినపడుతోందే మీ మామయ్యకి!"

అవతల కుర్చీ జరిగింది. తలుపు మూసుకుంది. అమ్మాయి మొహం ఎర్రబడింది.

"నీ నోటికి దణ్ణం నాన్నా" అని కాగితం బల్ల మీద పడేసి వెళ్లిపోయింది.

మళ్లీ ఆఫీసుకి వెళ్లి, మెట్టు కింద వంగి, సంతకం రాదని చెప్పాను. రేపటాయన ఈసారి రేపు రమ్మన్నాడు. ఎన్నో రేపుల తర్వాత ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ ఇంటికొచ్చింది. నా కూతురి కన్నా చిన్నది. టేపు పట్టి గదులు కొలిచింది. దూలం చూసింది. గోడ మీద వేలి కణుపులతో కొట్టి చూసింది. నాకది నచ్చలేదు.

"సంతకం లేకుండా ఈ గోడని ముట్టుకోవడానికి వీల్లేదండీ. గొట్టం ఆనకూడదు, రేకు ఆనకూడదు."

"ముట్టుకోకుండా కట్టే దారి చెప్పండి."

ఆలోచించింది. "మీ వైపు లోపల సొంత గోడ లేపుకోవాలి. పునాదులు తగలకుండా మధ్యలో జానెడు సందు వదలాలి. దూలం మీ వైపు వరకే కోయించుకోవచ్చు. అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. కానీ గదులు బాగా చిన్నవైపోతాయి. ఒక్క సంతకం కోసం ఇంత చోటు పోగొట్టుకుంటారా?"

"చోటు నాది."

"సరే. అలాగే ప్లాను మార్చి పెట్టండి."

పెట్టాను. అనుమతి వచ్చింది.

మేస్త్రీ ముగ్గు పోసి గీత గీసినప్పుడు చూశాను, గది ఎంత పోతోందో. వాడు తాపీ పక్కన పెట్టి బీడీ వెలిగించాడు.

"ఇన్ని ఇటుకలు మోయించే బదులు బావమరిదికి ఒక్క నమస్కారం పెట్టొచ్చు కదండీ. చెయ్యి అరిగిపోదు."

"నీకు పని దొరికింది. నోరు మూసుకుని కట్టు."

"కడతానండీ. గోడకేం, పాపం. దానికి పంతాలు లేవు."

గోడ లేచాక మంచం అడ్డంగా పట్టలేదు. నిలువుగా వేస్తే తలుపు తెరుచుకోలేదు. మామగారు కూతురి పెళ్లికి చేసిచ్చిన మంచం. ఆమె చివరిదాకా దాని మీదే పడుకుంది. అమ్మాయి మనుషుల్ని తెచ్చి తీసుకుపోయింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను చాపకి మారాను.

దూలం కోసిన రోజు బావమరిది వీధిలో నిలబడి పైకి చూస్తూ ఉన్నాడు. రంపం సగం దిగింది. పొట్టు గాలికి వాడి భుజం మీద రాలింది. దులుపుకోలేదు.

"నాన్న ఎక్కించిన దూలం బావా అది. కింద తాడు పట్టుకుంది నేనూ అక్కా."

నేను పైకే చూస్తున్నాను.

"ఆపించు బావా. నువ్వు రావద్దులే. కాగితం ఎవరిచేతైనా ఇటు పంపు. ఇక్కడే, ఈ వీధిలోనే పెట్టేస్తాను సంతకం."

రంపం పట్టుకున్నవాడు ఆగి నా వైపు చూశాడు. మేస్త్రీ కూడా చూశాడు.

"అక్కర్లేదు. అనుమతి వచ్చేసింది" అన్నాను. "కొయ్యి."

కోశాడు. బావమరిది ఇంట్లోకి వెళ్లిపోయాడు. అంతే, ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

రేకులు బిగించడం అయ్యాక మేస్త్రీ నిచ్చెన మీది నుంచే పిలిచాడు. "ఈ సందు పైన రేకు ముక్క ఒకటి కప్పాలండీ. లేకపోతే వానంతా ఇందులోనే పడుతుంది."

"కప్పితే అవతలి గోడ మీద ఆనాలి. ఆనితే సంతకం కావాలి."

"మొన్న ఇస్తానన్నాడు కదండీ, నా చెవులారా విన్నాను!"

"కిందికి దిగు."

వానలు పట్టాయి. నా కప్పు చుక్క కారలేదు. వీధిలో అందరిళ్లలో గిన్నెలూ బకెట్లూ పెట్టుకుంటుంటే నేను పొడి నేల మీద పడుకున్నాను. అదొక్కటే సుఖం. రేకు మీద చప్పుడు ఎలాగూ ఉంటుంది, దానికి అలవాటు పడ్డాను. సందులో పడే నీటికి అలవాటు పడలేదు. రెండు గోడల మధ్య అది నిలువునా జారి, కింద చేరినదాంట్లో పడుతుంది. తల పక్కనే ఎవరో గుటకలు వేస్తున్నట్టు ఉంటుంది. అవతలి దగ్గు ఇప్పుడు వినపడదు. టీవీ వినపడదు. చెంచాలు వినపడవు. మొదట్లో హాయిగా ఉందనుకున్నాను.

ఆ మధ్యాహ్నం వాన దంచికొడుతోంది. కాసేపటికి రొద మధ్యలో వీధిలో అరుపులు విని తలుపు తీశాను. బావమరిదిని నలుగురు మోసుకొచ్చి వాడి ఆటోలోనే వెనక పడుకోబెడుతున్నారు. నోరు ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి బండి అంచు మీది నుంచి వేలాడుతోంది. ఎవరో ఆ చేతిని ఎత్తి లోపల పెట్టారు. అది మళ్లీ జారింది.

వాడి భార్య తడిసి ముద్దై ఉంది. బండి ఎక్కబోతూ నన్ను చూసి ఆగింది. చేతిలో గరిటె. పారెయ్యడం కూడా మర్చిపోయింది. వేళ్లకి సున్నం.

"అన్నయ్యా, గోడ కొడుతూనే ఉన్నాను. ఆయన్ని వదిలి బయటికి రాలేక కొడుతూనే ఉన్నాను. వినపడలేదా?"

"వినపడలేదమ్మా."

నా మొహంలోకి చూసింది. ఒకప్పుడు ఆమె మొగుణ్ణి నేను ఎలా చూశానో అలా చూసింది. తర్వాత గరిటె కింద పడేసి బండెక్కింది.

వాడు బతికాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఇంటికి తెచ్చారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఏ కుర్చీయో నాకు తెలుసు. సరుకుల ఆటో అమ్మేశారు.

అమ్మాయి చూసొచ్చి గొడుగు మూయకుండా నా గుమ్మంలోనే నిలబడింది.

"నిజంగా వినపడలేదా నాన్నా?"

"లేదన్నాను కదా. కావాలంటే నువ్వెళ్లి అవతలి నుంచి కొట్టు, నేను ఇక్కడ నిలబడతాను. ఏం వినపడుతుందో చూద్దాం."

"కొట్టక్కర్లేదు. మామయ్య కూడా అప్పుడు ఇదే మాటన్నాడు" అని వెళ్లిపోయింది.

నేను చెప్పింది నిజం. నిజం చెప్పి కూడా అబద్ధాలకోరు మొహం వేసుకుని తిరగాల్సి వస్తోంది.

కట్టడం పూర్తయిందని రాసుకోవడానికి ఇంజనీరమ్మ మళ్లీ వచ్చింది. కప్పు చూసి బాగుందంది. గదిలోకి వచ్చి కొత్త గోడ మీద అరచెయ్యి ఆనించి, తీసి, తడి చూసుకుంది. గోడకి నడుమెత్తు దాకా చెమ్మ. అక్కడక్కడ నల్లగా బూజు.

"కప్పు కారకుండా ఈ నీళ్లెక్కడివండీ?"

"సందులోవి."

"పైన మూయించలేదా? ఇలా వదిలేస్తే ఈ గోడ నిలవదు. అవతలిదీ నిలవదు. అది ఇంకా ముందు పోతుంది, పాత గోడ కదా. రేకు వేయించండి. చిన్న పని."

"దానికి వాడి సంతకం కావాలన్నారు మీరే."

"అయితే పెట్టించుకోండి."

"వాడి చెయ్యి లేవదు."

ఆమెకి సంగతి తెలిసినట్టు లేదు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. కింద సంతకం అని ఉన్నచోట పెన్నుతో గుండ్రంగా సున్నా చుట్టింది.

"వేలిముద్ర అయినా సరిపోతుందండీ. ఆయన వెయ్యలేకపోతే మీరే చెయ్యి పట్టుకుని ఇక్కడ వేయించండి."

కాగితం నా చేతిలో పెట్టి వెళ్లింది. దాన్ని వంటింటి అటక మీద పెట్టాను. గాలికి ఎగరకుండా పైన ఏదైనా పెట్టాలి కదా. చేతికి ఆ వంగిన గరిటే దొరికింది.

బయట మళ్లీ మొదలైంది. సందులో నీళ్లు దిగుతున్నాయి.