బాలింతకీ బిడ్డకీ ఒకే ఇల్లు

ఇంటి వెనక షెడ్డులో పిల్లి పిల్లలు పెట్టిందని మొదట చూసింది రమాదేవి ఆంటీ. ఈ పరాయిదేశంలో, లూకన్ అనే ఊళ్ళో ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నది ఆంటీ వాళ్ళు. మేడ మీద చిన్నగదిలో నేనుండి చదువుకుంటున్నాను. ఆంటీ ఖాళీ బియ్యం సంచుల్ని పారెయ్యదు, మడతపెట్టి షెడ్డులో దాస్తుంది. ఆ సంచుల మీదే పడుకుని ఉంది చారల పిల్లి. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. పొట్ట దగ్గర మూడు పిల్లలు, కళ్ళు ఇంకా తెరవలేదు.

"ఎవాంజెలిన్, ఇటు రా. చూశావా దీని ధైర్యం? జంతువులు ఉండకూడదని లీజులో రాసి ఉంది. ఓనరు చూశాడంటే మనల్ని కూడా ఇవే సంచుల్లో వేసి బయట పెడతాడు. ఎక్కడికి పంపుతావో పంపు."

"బాలింత, ఆంటీ."

నేనన్నది అంతే. ఆంటీది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఇద్దరు కూతుళ్ళ పురుళ్ళూ తన చేతులతోనే పోసింది. బాలింతకి చల్లగాలి తగలనివ్వకూడదు, గడప దాటనివ్వకూడదు అని ఇప్పటికీ ఫోన్లో అందరికీ చెబుతుంటుంది.

"బాలింతంట, బాలింత. పిల్లికి కూడా పత్యం పెట్టాలి కాబోలు," అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చూస్తే షెడ్డు గుమ్మంలో స్టీలు పళ్ళెం. అందులో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేపముక్క.

"పిల్లలు సొంతంగా తినేదాకే," అంది ఆంటీ, నా వైపు చూడకుండా. "తర్వాత అన్నీ పోవాలి. తల్లితో సహా."

"అన్నిటికీ ఇళ్ళు చూస్తానాంటీ. తల్లితో సహా."

వీధిపిల్లుల్ని చూసుకునే సంస్థకి ఫోన్ చేశాను. గ్రాన్యా అనే ఆవిడ మాట్లాడింది. వాళ్ళ దగ్గర ఒక్క గూడు కూడా ఖాళీ లేదట. తిండి, ఇసుక పెట్టె పంపిస్తామంది. పిల్లలు పాలు మానేశాక తల్లికి ఆపరేషన్ చేయిస్తామంది. ఇళ్ళు మాత్రం నేనే వెతుక్కోవాలి. "యూ ఆర్ గ్రాండ్," అంది చివర్లో. ఫర్లేదు, నువ్వు చూసుకోగలవు అని దానర్థం; ఈ ఊళ్ళో ఆ మాట అన్నాక ఇక మాట్లాడటానికేమీ ఉండదు.

వారం వాన పడింది. షెడ్డు నేల తడిసిపోతుంటే చూడలేక, ఆంటీని అడిగి అట్టపెట్టె తెచ్చాను. కొత్త తువ్వాలు ఉతికి, మంచి వాసన వచ్చే ద్రావకంలో ముంచి, ఆరబెట్టి పరిచాను. పిల్లల్ని అందులో పెట్టి నా గదికి తెచ్చుకున్నాను. తల్లి నా వెనకే వచ్చింది. పెట్టెని వాసన చూసింది. కాసేపటికి ఒక పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని మెట్లు దిగి, వానలో షెడ్డుకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి రెండోదాన్ని తీసుకెళ్ళింది. మూడోదాన్ని కూడా.

వంటింటి కిటికీలోంచి చూస్తున్న ఆంటీ నవ్వింది. "ఏడిళ్ళు తిప్పందే పిల్లి ఊరుకుంటుందా? నువ్వు చదివే ఎమ్మెస్సీలో అది చెప్పలేదా?"

నాకు కోపం రాలేదు. షెడ్డు గుమ్మంలో గొడుగు వేసుకుని కూర్చున్నాను. పిల్లి పిల్లల్ని నాకి నాకి, ఆ తువ్వాలు వాసన పోయేదాకా నాకి, అప్పుడు బియ్యం సంచి మీద ముఖం రుద్దింది. నాకు అర్థమైంది. మర్నాడు పెట్టెలోంచి తువ్వాలు తీసేసి ఆ సంచుల్లోదే ఒకటి పరిచాను. పిల్లల్ని ముట్టుకోలేదు. పెట్టెని షెడ్డులో ఎత్తుగా ఒక పలక మీద పెట్టి వచ్చేశాను. సాయంత్రానికి తనే పిల్లల్ని అందులోకి చేర్చుకుంది.

ఆంటీ దాన్ని 'బాలింత' అని పిలవడం మొదలుపెట్టింది. అదే పేరయింది. తర్వాత ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడు పశువుల డాక్టరు దగ్గర అమ్మాయి పేరడిగి, పెదవులు కదిలిస్తూ రాసుకుంది. "లవ్లీ నేమ్," అంది. అర్థం చెప్పలేదు నేను.

పిల్లలు పెరిగి షెడ్డంతా పరుగులు పెట్టే రోజుకి, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాను. ఒకరు ఇంటికి కలిసొస్తుందా అని అడిగారు. ఒకరు ఎలుకలు పడుతుందా అని అడిగారు. పొద్దున్నే ఎదురొస్తే ఆఫీసుకెలా వెళ్ళాలని ఇంకొకరు. "ఆఫీసుకి సెలవు పెట్టడానికి మంచి కారణం కదండీ," అని రాశాను. దానికి మాత్రం చాలామంది నవ్వారు. దగ్గర్లోని లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే సాయికృష్ణ, అతని భార్య వచ్చి రెండు మగపిల్లల్నీ జంటగా తీసుకెళ్ళారు. వాళ్ళిల్లు ముందే వెళ్ళి చూశాను. కిటికీలకి గడియలున్నాయో లేదో చూస్తుంటే, "సంబంధం చూడటానికొచ్చినట్టుంది," అని అతను నవ్వాడు.

మిగిలింది బూడిదరంగు ఆడపిల్ల, దాని తల్లి. పిల్ల కోసం రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. తల్లిని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్ల కూడా వెళ్ళిపోతే ఇక తల్లి ఫోటో చూసేవాళ్ళు కూడా ఉండరని నాకు తెలుసు. అప్పుడు దానికి మిగిలేది మళ్ళీ వీధే. అందుకే, ఇద్దరూ కలిసే వెళ్ళాలి అనుకున్నాను. అనుకున్నాక ఇంక మార్చుకోలేదు.

ఓనరు వచ్చే శుక్రవారం ఇల్లు చూడటానికి వస్తానని మెసేజ్ పెట్టాడు. ఆంటీ కంగారుపడి, తనే ఒక సంబంధం తెచ్చింది. బోమాంట్ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ ఊర్మిళ గారు. ఆదివారం కూతురు మృదులతో వచ్చారు. పదేళ్ళ మృదుల షెడ్డులోకి వెళ్ళీ వెళ్ళగానే నేల మీద కూర్చుంది. బూడిదరంగు పిల్ల ఆమె జడ పట్టుకుని వేలాడింది.

"ఇది చాలమ్మా," అన్నారు ఊర్మిళ గారు. "బుట్ట తెచ్చుకున్నాం."

"తల్లిని కూడా తీసుకోవాలండి."

ఆవిడ ఆంటీ వైపు చూశారు. ఆంటీ నా వైపు చూసింది.

"రెండు పిల్లులు మేము చూడలేమమ్మా. నావి పన్నెండేసి గంటల డ్యూటీలు."

"అందుకేనండి. పాప బడికెళ్తుంది, మీరు డ్యూటీకెళ్తారు. ఈ పిల్ల ఒక్కటే అంతసేపు ఏం చేస్తుంది? తల్లి ఉంటే దానికి తోడు."

"అలవాటు పడుతుంది. తల్లి లేకపోతే మాత్రం పిల్లలు పెరగరా? అన్నీ అలవాటు పడతాయి."

మృదుల తలెత్తి వాళ్ళమ్మ వైపు చూసింది. "డిడ్ ఐ?" అంది.

ఊర్మిళ గారు కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "నీదే నిర్ణయమా అమ్మా ఇది? ఆంటీదా?" అని నన్నడిగారు.

"నాదేనండి. విడిగా ఇవ్వను."

ఖాళీ బుట్టతో వెళ్ళిపోయారు. కారు మలుపు తిరిగేదాకా ఆగి ఆంటీ అందుకుంది. "నోట్లో నాలుక లేదనుకున్నానే నీకు. డాక్టరమ్మ ఇంటికొచ్చి అడిగితే కాదంటావా? నీ పెళ్ళికి కూడా ఇన్ని షరతులు పెట్టవు."

"పెడతానాంటీ."

"పెట్టు, పెట్టు. శుక్రవారం ఓనరు వస్తే షెడ్డులో బాలింత ఉంది, గాలి తగలనివ్వకండి అని నువ్వే చెప్పు."

మూడు రోజులు ఎవరికి ఫోన్ చేసినా పిల్లనే అడిగారు. తల్లి మాట ఎత్తగానే, ఆలోచించి చెబుతామన్నారు. గ్రాన్యాని మళ్ళీ అడిగాను. గూళ్ళు ఇంకా నిండుగానే ఉన్నాయి. కాలేజీలో నోటీసు అంటించాను. బస్టాపులో నిలబడ్డ పెద్దవాళ్ళకి ఫోటో చూపించాను. ముక్కూమొహం తెలియనివాళ్ళని పలకరించడం నాకెప్పుడూ చేతకాదు. అయినా పలకరించాను.

గురువారం వంటింట్లో ఉండగా ఆంటీ ఫోన్ మోగింది. ఊర్మిళ గారు. ఆంటీ కాసేపు విని, "అదే చెప్పానండీ దానికి," అని మొదలుపెట్టింది. ఆపి, నా వైపు చూసింది. పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది. "చూడండి డాక్టరు గారూ, అమ్మాయి చెప్పిందే నా మాట కూడా. పురిటింటినుంచి బిడ్డనొక్కదాన్నే పంపి, తల్లిని వీధిలో నిలబెట్టడం మా ఇళ్ళలో లేదు. ఇష్టమైతే ఇద్దర్నీ తీసుకెళ్ళండి." తర్వాత ఫోన్ నాకిచ్చింది.

"ఎవాంజెలిన్," అన్నారు ఊర్మిళ గారు. "మృదులకి పది నెలలప్పుడు తనని ఒంగోల్లో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. నా పరీక్షలయ్యేదాకా. ఆదివారం ఇంటికెళ్ళేదాకా కారులో పాప అదే అడిగింది. ఏడ్చానా, ఎన్నాళ్ళు ఏడ్చాను, అని. నేను చూడలేదు కదా, తెలీదు అన్నాను. సాయంత్రం వస్తాం. రెండు బుట్టలు తేవాలా?"

"ఒకటే పెద్దది తీసుకురండి."

వాళ్ళతోపాటు నేనూ బోమాంట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. బయల్దేరేముందు ఆంటీ బియ్యం సంచిని మడిచి నా ఒళ్ళో పెట్టింది. దాని మడతల్లో ఉప్పులేని చేపముక్కల డబ్బా ఉంది. "ఒట్టి చేతులతో ఎలా పంపుతాం," అంది. సంచి ఉతకలేదని రెండుసార్లు చెప్పింది.

వాళ్ళింట్లో బుట్ట తలుపు తియ్యగానే బాలింత పిల్లని కరుచుకుని వాషింగ్ మెషిన్ వెనక్కి దూరింది. అక్కణ్ణుంచి ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే తువ్వాళ్ళ అల్మారాలోకి, అందులోంచి మృదుల మంచం కిందికి మార్చింది. ఊర్మిళ గారు పట్టుకోబోతే వద్దన్నాను. హాల్లో మూలగా సంచి పరిచి, ముగ్గురం దూరంగా నేల మీద కూర్చున్నాం. మృదుల మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, నేను చెప్పినట్టే, కదలకుండా చూసింది.

అప్పుడే ఆంటీ ఫోన్ చేసింది. "ఎన్నో ఇల్లు?"

"షెడ్డు, నా గది, మళ్ళీ షెడ్డు, మెషిన్ వెనక, ప్రెస్, మంచం కింద. ఆరాంటీ."

"ఇంకొక్కటే. లేవకండి."

మేం లేవలేదు. మంచం కిందనుంచి ముందు తల్లి బయటికొచ్చింది. నోట్లో పిల్ల లేదు. పిల్ల తన కాళ్ళ మీద తనే వెనకాల వస్తోంది. ఇద్దరూ సంచి దాకా నడిచారు. బాలింత దాని మీద ముఖం రుద్దింది.