నలభై ఏడు, యాభై మూడు

నేను ఒక నంబర్లు కొట్టే మిషన్ను. పిడికెడు ఇనుము, తల మీద చెక్క పిడి. నెత్తిన ఒక దెబ్బ వేస్తే కాగితం మీద ఒక అంకె పడుతుంది, మరుదెబ్బకు దాని తర్వాతి అంకె. నన్ను చేసినవాడు నాలో పెట్టిన బుద్ధి అంతే. అది ఎన్నడూ తప్పలేదు. మనుషులంటే నాకు పడకపోవడానికి మూలం అక్కడే ఉంది. తప్పేది వాళ్లు, దెబ్బలు నాకు.

మొదట ఒక ప్రెస్సులో సినిమా టికెట్ల మీద పనిచేశాను. అది మూతపడ్డాక ఢిల్లీలో సుంకన్న చేతికి వచ్చాను. అతనిది ఆదోని పక్క. దేశంలోకెల్లా పెద్ద కోర్టులో వాదించే ఒక తెలుగు వకీలు దగ్గర గుమాస్తా. అక్కడ జడ్జీలు కేసు కట్టను ముందే తిరగేసి వస్తారు. వకీలుకు లేచి నిలబడి "ఫలానా పేజీ చూడండి" అనే వ్యవధి దొరికితే గొప్ప.

ఆ వకీలు దగ్గరికి తన కేసుతో వచ్చిన ఉరుకుందమ్మకు ఇదేమీ తెలియదు. ప్రభుత్వ హాస్టల్లో పంతొమ్మిదేళ్లు వంట చేసిన మనిషి. ఒకరోజు పిల్లలకు వాంతులయ్యాయి. ఆమె వంటే కారణమని ఉద్యోగం తీసేశారు. ఆ రోజు ఆమె సెలవులో ఉంది. వార్డెన్ సంతకం చేసిన సెలవు చీటీ ఉన్నా కింది కోర్టుల్లో ఎవరూ పట్టించుకోలేదు.

"నన్ను బోను ఎక్కమంటారా సుంకన్నా? ఏం సెప్పాల?"

"బోనూ లేదు, గీనూ లేదక్కా. ఈడ యెంటనే కేసు ఇనరు. ఇనాల్నా వద్దా అని ముందు సూస్తారు."

"ఇనకుండానే ఎట్ల తెలుస్తాది? ఉడికిందో లేదో ఒక మెతుకన్నా పట్టి సూడాల గదా!"

"ఆ మెతుకే నీ చీటీ."

చీటీ మీద నేను నలభై ఏడు వేశాను. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం లేదని కోర్టు ఆఫీసు నుంచి కట్ట వెనక్కి వచ్చింది. చీటీకి ముందు ఆరు అనువాదం పేజీలు చేరాయి. సుంకన్న పాత అంకెలు కొట్టేసి నాతో మళ్లీ వేయించాడు. చీటీ యాభై మూడయింది. కట్ట మొదట ఉండే సారాంశంలో మాత్రం నలభై ఏడు అలాగే ఉండిపోయింది. నాకు తెలుసు. నోరున్నా చెప్పేదాన్ని కాదు. ఆ వారమంతా నాలో ఒక చల్లని సంతోషం ఉండేది.

సోమవారం సుంకన్న కోటు జేబులో నేనూ కోర్టుకు వెళ్లాను.

"నలభై ఏడో పేజీ. ఆమె ఆ రోజు సెలవులో ఉంది," అన్నాడు వకీలు.

జడ్జీలు తిప్పి చూశారు. అక్కడ హాస్టల్ భోజనాల పట్టిక ఉంది. వకీలు తన కట్టలో తడుముకుంటూ ఉండగానే "డిస్మిస్" అన్న మాట వినిపించింది. తర్వాతి కేసు పిలిచారు.

వరండాలో వకీలు మండిపడ్డాడు. సుంకన్న చెమట పట్టిన అరచేయి జేబులో నన్ను బిగించింది.

"మిషన్ పాడయింది సార్. నంబర్లు దాటేస్తాంది."

"పారెయ్ దాన్ని," అని నన్ను చూడకుండానే వకీలు వెళ్లిపోయాడు.

ఉరుకుందమ్మ చెయ్యి చాపింది. "ఇట్లియ్యి."

నేల మీద కూర్చుని, కట్ట అట్ట మీద నన్ను మోపి, గరిటె తిప్పిన చేత్తో నొక్కింది. నూట పన్నెండు. నూట పదమూడు. నూట పద్నాలుగు. ఒక్కో అంకెనూ పైకి చదివింది. ఒక మనిషి నన్ను విచారించడం అదే మొదలు.

"సక్కగానే పడతాండాయి గదప్పా."

సుంకన్న అట్ట తిప్పి, సారాంశంలోని నలభై ఏడు మీద వేలు పెట్టాడు.

"నువ్వేనా?"

"ఊఁ."

"మల్లా అడిగేకి దోవ ఉందా?"

"రివ్యూ ఉంది. వాళ్లు గదిలో కూసోని కాయితాలు సూస్తారంతే. వకీలు గూడా మాట్లాడేకి ల్యాదు."

"అయితే కాయితంలోనే రాయి, తప్పు నీదని. సంతకం పెట్టు."

"సారు నన్ను తీసేస్తాడక్కా."

"నన్ను తీసేసి మూడేండ్లాయె."

ఆ సాయంత్రం సుంకన్న తప్పు తనదని రాసి సంతకం పెట్టాడు. నా అంకెల్ని వెనక్కి తిప్పి ఒకటి దగ్గర నిలిపాడు. ఆ కాగితం మీద నన్ను మోపి, కొట్టకుండా ఆగాడు. నాకు జాలి కలగలేదు.

"కొట్టు," అంది ఉరుకుందమ్మ.