బిస్కెట్టు సెంటర్ ఫార్వర్డ్

నేను ఒక చలువరాతి బల్లను. బల్లకు ఆత్మకథేమిటని మీరు నవ్వవచ్చు. కానీ మనుషులు మోచేతులు ఆనించి మాట్లాడుకునే మాటలు ముందుగా తగిలేది మాకే. ఎదుటివాడు వినకపోయినా మేము వింటాం. మాకు వేరే పని లేదు.

పుట్టింది రాజస్థాన్ రాతిగనిలో. నన్ను పలకగా కోసినప్పుడు నా నడుమ అడ్డంగా ఒక బూడిద రంగు చార బయటపడింది. కోసినవాడు దాని మీద వేలు పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రాసి, బాగుందన్నట్టు తల ఊపాడు. నన్ను కొనడానికి వచ్చిన షావుకారు మాత్రం దాన్ని పగులనుకున్నాడు. పగులు కాదని ఎంత చెప్పినా వినలేదు. కొత్తింట్లో పగులు అరిష్టమట. ఆ ఇంటి నేలగా పరుచుకోవలసినదాన్ని అలా తప్పించుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ ఆ షావుకారుకు దండం పెట్టాలనిపిస్తుంది. నాకు చేతులు లేవు.

తరువాత గూడ్సు బండెక్కి సికింద్రాబాదు వచ్చాను. ఒక రైల్వే ఆఫీసరు బంగళాలో ముఖం కడుక్కునే చోట నన్ను బిగించారు. ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుంటూ, అద్దంలో చూసుకుంటూ, ఆ రోజు ఎవరిని ఎలా తిట్టాలో గట్టిగా సాధన చేసేవాడు. సాయంత్రం వచ్చి ముఖం కడుక్కుంటూ అవే తిట్లు మళ్లీ మొదటి నుంచీ తిట్టేవాడు. అంటే ఆఫీసులో తిట్టలేదన్నమాట. మంచివాడే. బదిలీ అయినప్పుడు సామానంతా అమ్మేశాడు.

అప్పుడు నన్ను కొన్నది ఆగా సాబ్. చిలకలగూడ మూల మీద ఆయనకు ఒక ఇరానీ హోటలు ఉండేది. నాకు నాలుగు టేకు కాళ్లు పెట్టించి, కిటికీ పక్కన నిలబెట్టాడు. నా అసలు బతుకు అక్కడ మొదలైంది.

ఆ పేటకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. పేరు చిలకలగూడ రోవర్స్. ఆ జట్టు గెలిచిన రోజు హోటల్లో చాయ్‌లు ఎక్కువ నడిచేవి. ఓడిన రోజు ఇంకా ఎక్కువ నడిచేవి. గెలిస్తే సంతోషంగా ఇంటికి పోతారు, ఓడితే కారణం తేలేదాకా లేవరు. కారణం ఏనాడూ తేలలేదు. అందుకే ఆగా సాబ్ ప్రతి మ్యాచ్‌కూ దేవుణ్ణి ఏం కోరుకునేవాడో నేను ఊహించగలను, కానీ చెప్పను.

రోవర్స్ అభిమానుల్లో ముగ్గురు రోజూ నా దగ్గరే కూర్చునేవారు. ఐలయ్య, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. నోరు పెద్దది, మనసు దానికి కొంచెం వెనకాల ఉండేది. దానియేలు, పార్సిల్ ఆఫీసు గుమాస్తా. వయసులో ఐలయ్య కన్నా చిన్న. ఒకప్పుడు రోవర్స్ తరఫున లెఫ్ట్ వింగ్‌లో ఆడాడు. మెల్లగా మాట్లాడేవాడు. మూడోవాడు సత్తయ్య, వాచీలు రిపేరు చేసేవాడు. అతనికి ఫుట్‌బాల్ మీద ఉన్నంత ప్రేమ బిస్కెట్ల మీదా ఉండేది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

వాళ్లు నన్నే ఎందుకు ఎన్నుకున్నారంటే, నా చార వల్ల. షావుకారు పగులన్న ఆ చారను చూసిన రోజే దానియేలు చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. "అన్నా, హాఫ్ లైన్!" అన్నాడు, మైదానాన్ని రెండు సగాలు చేసే గీత దొరికినట్టు.

ఆనాటి నుంచి నేను మైదానాన్ని. అటొక సాసరు, ఇటొక సాసరు గోల్స్. ఉప్పు డబ్బీ మా గోల్‌కీపరు. అగ్గిపుల్లలు మిగతా ఆటగాళ్లు. అవతలి జట్టులో గోల్ ముందు కాపలా కాసే స్టాపర్‌కు మాత్రం యాష్‌ట్రే. అందరు స్టాపర్లూ బరువుగా, మొండిగా, పొగలు కక్కుతూ ఉంటారని ఐలయ్య నమ్మకం. సోంపు గింజ బంతి. ఒక్క మ్యాచ్ కూడా కళ్లారా చూడనిదాన్ని కాబట్టి, ఫుట్‌బాల్ అంటే సోంపు గింజంతే ఉంటుందని చాలా ఏళ్లు నమ్మాను. అంత చిన్నదాని కోసం ఇంతమంది గొంతు చించుకోవడం చూసి మనుషుల మీద జాలి కలిగేది.

ఇక మా సెంటర్ ఫార్వర్డ్ ఉస్మానియా బిస్కెట్టు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. బహుశా ఆశంతా అతని మీదే ఉంటుంది, ముందు విరిగేదీ అతనే కాబట్టి కావచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది. వాదన వేడెక్కాక ఎవరో ఒకరు పరధ్యానంలో సెంటర్ ఫార్వర్డ్‌ను చాయ్‌లో ముంచి తినేసేవారు. ఎక్కువసార్లు ఆ పని సత్తయ్యది. జట్టు గోల్ ముందుకు దూసుకుపోతున్న సమయంలో, గోల్ కొట్టవలసినవాడు కనిపించేవాడు కాదు. చూస్తే సత్తయ్య మీసాల మీద పొడి. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. సెంటర్ ఫార్వర్డ్‌ను తిన్నవాడు మళ్లీ చాయ్ వచ్చేదాకా నోరు విప్పకూడదు. వాదించే మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. నియమం తప్పినవారు నాకు తెలిసి లేరు. ఇంట్లో భార్య మాటకూ, ఆఫీసులో పైవాడి మాటకూ లేని విలువ ఆ బిస్కెట్టుకు ఉండేది.

నేను చెప్పదలచుకున్నది ఒక సీజన్ సంగతి. రోవర్స్ పాత సెంటర్ ఫార్వర్డ్ మోకాలు దెబ్బతిని మానేశాడు. కొత్తవాణ్ణి తీసుకోవాలి. క్లబ్బు కమిటీలో ఐలయ్య మాట గట్టిగా చెల్లుతుంది. ఇద్దరి పేర్లు ముందుకొచ్చాయి. ఒకడు గోవా నుంచి రావడానికి సిద్ధంగా ఉన్నవాడు, తాటిచెట్టంత పొడుగు. అతని పేరు ఏదైనా, ఇక్కడ అందరికీ లంబూ. రెండోవాడు సర్వేశ్. మా పేటలోనే వెల్డింగ్ షాపులో పని చేస్తాడు, పొట్టివాడు.

"లంబూను చూసినవా? కార్నర్ పడ్డదంటే వాని నెత్తే గోల్," అన్నాడు ఐలయ్య, బిస్కెట్టును యాష్‌ట్రే పక్కన ఠీవిగా నిలబెడుతూ.

"నెత్తి సరే అన్నా. కాళ్లు యాడున్నయ్?" అన్నాడు దానియేలు.

"నెత్తి పన్జేస్తుంటె కాళ్లెందుకురా?"

"గట్లైతే నెత్తొక్కటే పార్సిల్ తెప్పియ్యి. నేనే దగ్గరుండి దింపుకుంట."

సత్తయ్యకు పొలమారింది. ఐలయ్య తగ్గలేదు. "నీ సర్వేశ్‌గాడు హెడ్ కొట్టాల్నంటే నిచ్చెన ఎయ్యాలె. వాడు స్టాపర్ కంటికే కనవడడు."

"కనవడకుంటెనే గదన్నా గోల్ గొట్టేది."

ఆగా సాబ్ గల్లా దగ్గర నుంచి అరిచాడు. "క్యా మియా, ఆటగాన్ని తీసుకుంటున్నరా, అల్లున్ని తీసుకుంటున్నరా? ఇంత సేపా?"

"అల్లుడైతే ఎప్పుడో ఖాయం జేస్తుంటిమి సాబ్," అన్నాడు ఐలయ్య. "ఇది సెంటర్ ఫార్వర్డ్ సంగతి!"

ఐలయ్య మాటే నెగ్గింది. లంబూ వచ్చాడు. రోవర్స్ ఓడడం మొదలుపెట్టింది. అతని కోసం అందరూ బంతిని గాలిలోకి ఎత్తేవారట. అవతలి స్టాపర్ అతనికి అతుక్కుపోయేవాడట. ఓటమి తరువాత ఓటమి. దానియేలు ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఐలయ్యకు అదే ఎక్కువ కష్టమైంది.

ఒక సాయంత్రం ఆయన నా మీద చేత్తో కొట్టాడు. అగ్గిపుల్లలన్నీ చెదిరిపోయాయి. "అనురా! 'నేను ముందే జెప్పిన్నన్నా' అని మొకం మీద అనేయ్. గట్ల సప్పుడు చెయ్యక కూసుంటవేంది?"

"ఏమంటనన్నా," అన్నాడు దానియేలు. "గొంతు నొస్తుంది."

"మంచి సాకు దొరికింది!" అని ఐలయ్య లేచి వెళ్లిపోయాడు. చాయ్ సగం మిగిలింది.

అది సాకు కాదు. కొన్నాళ్లకు దానియేలు రావడం మానేశాడు. ఐలయ్య వస్తూనే ఉన్నాడు, అలిగినవాడికి కూడా చాయ్ కావాలి కదా. సత్తయ్య ఒక రోజు కప్పులోకి చూస్తూ చెప్పాడు, దానియేలుకు గొంతులో గడ్డ అనీ, ఆపరేషన్ చేశారనీ, మాట పోయిందనీ. ఆ రోజు బిస్కెట్టు ప్లేటులోనే మెత్తబడిపోయింది.

సీజన్‌లో ఆఖరి మ్యాచ్ మిగిలింది. అందులో కనీసం డ్రా చేసుకోకపోతే రోవర్స్ కింది డివిజన్‌కు పడిపోతుంది. తాతల నాటి నుంచి పై డివిజన్‌లో ఉన్న జట్టు. ఎవరిని ఆడించాలో కమిటీ ఆ రాత్రికి తేల్చుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం దానియేలు వచ్చాడు. మెడ చుట్టూ తువ్వాలు. మనిషి సగమయ్యాడు. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు, నిన్న సాయంత్రం లేచి వెళ్లినవాడిలా.

ఐలయ్య ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తరువాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేదు. ప్లేటులోంచి సెంటర్ ఫార్వర్డ్‌ను తీసుకుని, చాయ్‌లో ముంచకుండానే, పొడిబిస్కెట్టు మొత్తం నోట్లో వేసుకుని నమిలి మింగేశాడు.

ఇక నియమం ప్రకారం ఆయన కూడా మాట్లాడకూడదు.

దానియేలు అర్థం చేసుకున్నాడు. అతని భుజాలు కదిలాయి. నవ్వాడనే అనుకుంటాను, చప్పుడు రాలేదు. వేలు చూపించి ఇంకో బిస్కెట్టు అడిగాడు. సాసర్లు సర్దాడు. అగ్గిపుల్లలు పేర్చాడు. యాష్‌ట్రేను గోల్ ముందు నిలబెట్టి, బిస్కెట్టును దాని పక్కన కాకుండా, వెనక్కి లాగి నా చార మీద పెట్టాడు. ఐలయ్య దాన్ని ముందుకు తోశాడు. దానియేలు వెనక్కి లాగాడు. ఐలయ్య మళ్లీ తోశాడు. దానియేలు ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. అప్పుడు యాష్‌ట్రేను కూడా మెల్లగా, బిస్కెట్టును వెతుక్కుంటూ వస్తున్నట్టు, చార దాకా జరిపాడు. గోల్ ముందు చోటంతా ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి ఎడమ నుంచి ఒక అగ్గిపుల్లను పరుగెత్తించి, సోంపు గింజను చూపుడువేలితో చిమ్మాడు. అది సాసరుకు తగిలి టింగుమంది.

బాషా అనే వెయిటరు కొత్త చాయ్ తెచ్చాడు. చాయ్ వస్తే మాట్లాడవచ్చు. ఐలయ్య అరచెయ్యి అడ్డం పెట్టి దాన్ని వెనక్కి పంపాడు. అలా పంపుతూనే ఉన్నాడు. పక్క బల్లలవాళ్లు ఈ ఇద్దరికీ ఏమైందని తొంగి చూశారు. మాట లేకుండా జరిగిన ఆ వాదనలో ఐలయ్య మొదటిసారి ఎదుటివాడు చెప్పేది పూర్తిగా విన్నాడు.

ఆ రాత్రి కమిటీలో సర్వేశ్ పేరు చెప్పింది ఐలయ్యే. మ్యాచ్ ఒకటి-ఒకటి డ్రా అయింది. పొట్టివాడు వెనక్కి వచ్చాడట, వాళ్ల స్టాపర్ వెంటపడి వచ్చాడట, ఎడమ నుంచి మనవాడు ఖాళీలోకి దూరాడట. ఐలయ్య ఇదంతా హోటల్లో నిలబడి, చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని, దానియేలు ముందు ఒళ్లంతా ఊపుతూ చెప్పాడు. "ముమ్మాటికీ నువ్వు జరిపినట్లే తమ్మీ! గా యాష్‌ట్రేగాడు అచ్చం యాష్‌ట్రే తీరే వచ్చిండు!"

దానియేలు బిస్కెట్టును చార మీదే పెట్టి రెండుగా విరిచాడు. సగం ఐలయ్యకు ఇచ్చాడు, సగం తను తిన్నాడు. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తూ ఉంది.

క్రిస్మస్‌కు ముందే దానియేలు చనిపోయాడు.

ఆ తరువాతి కథ చిన్నది. ఆగా సాబ్ ముసలివాడై హోటల్ మూసేశాడు. సామాను కొనడానికి వచ్చినవాడు నా చార చూసి పగులన్నాడు. వినగానే నవ్వొచ్చింది, పాత స్నేహితుణ్ణి చూసినట్టయింది. ఐలయ్య వాడితో మాట్లాడి, నన్ను ట్రాలీ ఆటోలో వేయించి, రోవర్స్ మైదానం పక్కన రేకుల షెడ్డుకు చేర్చాడు. ఇప్పుడు నా మీద నీళ్ల సీసాలు, తడిసిన జెర్సీలు, అప్పుడప్పుడు ఎవరిదో కట్టు కట్టిన మడమ. ఇక్కడికి వచ్చాకే మొదటిసారి బంతిని చూశాను. గట్టిగా వచ్చి నా కాలికి తగిలింది. సోంపు గింజ కన్నా చాలా పెద్దది. ఇన్నేళ్ల అరుపులకు కొంత న్యాయం ఉందనిపించింది.

నిన్న కొత్త సీజన్ కోసం కమిటీ నా చుట్టూ చేరింది. సర్వేశ్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు, మళ్లీ సెంటర్ ఫార్వర్డ్ కావాలి. ఒకరు పొడుగువాడన్నారు, ఒకరు పొట్టివాడన్నారు. రేకులు అదిరిపోయాయి. చివరికి అందరూ మూల కుర్చీ వైపు తిరిగారు.

"ఐలన్నా, నువ్వు జెప్పు. ఎవన్ని దింపాలె?"

ఐలయ్య జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులోని బిస్కెట్టును నా చార మీద పెట్టి కాసేపు చూశాడు. అందరూ ముందుకు వంగారు. ఆయన దాన్ని తీసుకుని, తొందర లేకుండా తిన్నాడు.

"గిదేంది అన్నా! అడిగితే తింటున్నవ్?"

ఆయన మీరే చెప్పండన్నట్టు వాళ్ల వైపు గడ్డం ఎత్తాడు. ఎవరో చాయ్ తెచ్చారు.

ఐలయ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు.