వాలు మీద పెట్టిన బండి

"విరగ్గొట్టావా?"

ఆమె గేరు లివరును పార్కింగ్ నుంచి వెనక్కి లాగగానే కారు ఠక్కుమంది. భర్త ప్రశ్న రోజూలాగే బాల్కనీలోంచి, కాఫీ కప్పుతో సహా వచ్చింది. ఆ కాఫీ ఆమె కలిపిందే. లంచ్ బాక్సులు సర్ది, అత్తగారి మాత్రలు తీసిపెట్టి, ఆరున్నరకల్లా ల్యాబులో రక్తం తీయడానికి పరుగెత్తేదీ ఆమే. "ఆటోమేటిక్ బండి చిన్నపిల్లలు కూడా నడుపుతారే. నీ చేతిలో అదీ మూలుగుతోంది. సోమవారం నుంచి తాళం నా దగ్గరే, నువ్వు బస్సులో వెళ్లు," అన్నాడు. "ఆడదాని చెయ్యి కాస్త మెత్తగా ఉండాలమ్మా," అని అత్తగారు అందుకుంది. బస్సంటే మరో గంట ముందు లేవాలి. నాలుగున్నరకే లేచే మనిషికి ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? నిజంగానే తన చెయ్యి మొరటేమోనని ఆమెకూ అనుమానం పట్టుకుంది. ఆరు నెలలుగా ఊపిరి బిగబట్టే లివరు ముట్టుకుంటోంది.

మధ్యాహ్నం కారును షెడ్డుకు తీసుకెళ్లింది. ముసలి మెకానిక్ సీటు మీద శుభ్రమైన గుడ్డ పరిచాకే కూర్చున్నాడు. అందరిలా "మీ సార్‌ని ఫోన్లోకి పిలవండి" అనలేదు. ఆ ఒక్కదానికే ఆమె కళ్లు చెమర్చాయి.

"ఇంటి ముందు వాలుందా అమ్మా? సాయంత్రం బండి పెట్టేదెవరు?" ఠక్కుమనే సంగతంతా విన్నాక అడిగాడు.

"మా ఆయన. షటిల్ ఆడొచ్చి పెడతారు."

"హ్యాండ్ బ్రేకు వేస్తారా?"

"ఆటోమేటిక్‌కి అదెందుకంటారు."

అతను నవ్వి చిటికెనవేలు వంచి చూపించాడు. "పార్కింగ్‌లో పెడితే లోపల ఇంత కొక్కెం పడుతుంది తల్లీ. వాలులో బండి బరువంతా తెల్లవార్లూ దానిమీదే. పొద్దున ఎవరు లాగినా ఠక్కుమంటుంది. బండి పెట్టేటప్పుడు బ్రేకు తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు తియ్యి. బండి కుదురుకున్నాక మళ్లీ బ్రేకు తొక్కి పార్కింగ్. నీ చేతిలో ఏ దోషమూ లేదు."

రిపోర్టు తేడాగా వస్తే ల్యాబులో ఆమె మొదట అడిగేది, నిన్న ఏం తిన్నారని. తన విషయంలోనూ అలా ముందురోజు ఏం జరిగిందని ఇన్నాళ్లకు ఒకరు అడిగారు. షెడ్డు పక్క వాలులో అతను ఆమె చేతే మూడుసార్లు చేయించాడు. మూడోసారికి లివరు వెన్నలో కత్తిలా కదిలింది. "చూశావా!" అని అతనే ఎక్కువ సంబరపడ్డాడు.

ఆ సాయంత్రం భర్త షటిల్ ఆడి కారులో తిరిగొచ్చేసరికి ఆమె గేటు దగ్గరే ఉంది.

"దిగండి. ఇకనుంచి బండి నేనే పెడతాను."

"ఏం, నాకు రాదా?"

"రాదు," అంది. ఎంత మామూలుగా అందంటే, అతను నిజంగానే దిగిపోయాడు.