నడవడిక మార్కులు

ఒడెస్సాదే మొదటి ర్యాంకు. మిస్ థాక్స్టన్ దాన్ని దొంగిలించింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఎల్రాయ్ గేదర్స్ తుడుపుకర్రను పిండి, హైస్కూలు వరండాలో వెనక్కి నడుస్తూ తుడుస్తున్నాడు. అరవై దాటాయి. వంగినప్పుడల్లా మోకాలు కటుక్కుమంటుంది. గోడమీద ఏటేటా మొదట వచ్చినవాళ్ల ఫొటోలు. అద్దాలన్నీ తుడుస్తాడు, ఒక్కటి తప్ప. నల్లపిల్లల్ని తెల్లవాళ్ల బడిలో కలిపిన మొదటి ఏడాది ఫొటో అది. అందులో విత్తనాల కొట్టువాడి కూతురు నవ్వుతుంటుంది. ఆ నవ్వుమీద, అతను ఈ పనిలో చేరినప్పటినుంచీ పేరుకున్న ఇరవై రెండేళ్ల దుమ్ము.

అతనూ ఒడెస్సా అంతకుముందు చదివిన నల్లపిల్లల బడిలో, జవాబు చెప్పేటప్పుడు టీచరు కళ్లలోకి సూటిగా చూడాలని నేర్పారు. ఆ బడి మూసేశారు. కొత్త బడిలోనూ ఒడెస్సా అలాగే చూసింది. మిస్ థాక్స్టన్ దానికి పొగరని పేరుపెట్టి, నడవడికలో మార్కులు కోసింది. ర్యాంకు విత్తనాల కొట్టువాడి కూతురికి పోయింది. దాంతోపాటు మొదటి ర్యాంకుకిచ్చే ఉచిత కాలేజీ సీటూ పోయింది. ఒడెస్సా ఎల్రాయ్‌ని పెళ్లాడి, ముప్పై ఏళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, పోయిన మార్చిలో కన్నుమూసింది.

మధ్యాహ్నం వెర్లీన్ వచ్చింది. అతని చర్చి మనిషే, వృద్ధాశ్రమంలో ఆయా.

"థాక్స్టనమ్మ ఇవాళో రేపో అన్నట్టుందన్నా. నిన్నే అడుగుతోంది."

"నా పేరు తెలుసా ఆవిడకి? క్లాసులో 'ఏయ్, చివరి బెంచీ' అనేదిగా."

"ఎగతాళి చాల్లే. ఇదిగో, వెన్న కేకు చేశా. నీ చేత్తో ఇవ్వు."

చావబోయే మనిషి దగ్గరికి తినేది పట్టుకెళితే పగ వదిలేసినట్టే. వాళ్ల చర్చిలో అందరికీ తెలుసు.

ఆశ్రమం ముందు ట్రక్కు ఆపి, ఎల్రాయ్ రేకుకాగితం విప్పాడు. కేకు మొత్తం తనే తిన్నాడు. పక్కన కూర్చున్న వెర్లీన్ నెత్తి కొట్టుకుంది.

"నీ కడుపు కాలా! ప్రాణం పోయేదానికి చేశానన్నా అది!"

"బాగుంది. వెన్న కాస్త తగ్గింది."

ఖాళీ చేతులతో లోపలికి వెళ్లాడు. ముసలావిడ మంచంలో గుప్పెడంత అయిపోయింది. దిండు కిందనుంచి, మొదటి ర్యాంకుకిచ్చే నీలి రిబ్బను పతకం తీసి చాపింది.

"ఒడెస్సా పేరు చెక్కించాను. తప్పు నాదే, ఎల్రాయ్. క్షమించానని ఒక్క మాట చెప్పు."

"మీరెలాగూ పోతున్నారుగా టీచరమ్మా. ఒడెస్సానే అడగండి. అక్కడికి మిమ్మల్ని రానిస్తే."

ఆ చెయ్యి పతకంతో సహా దుప్పటిమీద వాలింది. అతను బడికి తిరిగొచ్చి, మిగిలిన వరండా తుడిచాడు. నాలుగింటికి వెర్లీన్ ఫోను చేసింది.

"పోయిందన్నా. గోడవైపు తిరిగి పడుకుంది, మళ్లీ ఇటు తిరగలేదు. ఏమన్నావసలు?"

"ఆ ఊసు నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

తర్వాత పాస్టరు అడిగితే, ఎల్రాయ్ తుడుపుకర్ర అందుకుని వరండాలోకి నడిచాడు.

దుప్పట్లు మార్చేసిన ఆ గదిలో, మందుల బల్లమీద, ఒడెస్సా పేరున్న పతకం ఎవరూ తీసుకోక అలాగే ఉండిపోయింది.