నిద్రపోయినావిడ

నా మొగుడు పరాయి ఆడదానితో గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడేది కారు ఇంజను గురించేనని నాకు తెలుసు. పక్కగదిలోంచి ప్రతి ముక్కా వినబడుతూనే ఉంటుంది, ఇక అనుమానానికి చోటెక్కడ? సరసాలాడినా బాగుండేది. నాలుగు దులిపేసేదాన్ని, నలుగురూ నా వైపే మాట్లాడేవాళ్ళు. ఇంజను గురించి మాట్లాడే మొగుణ్ణి ఏమని నిలదీయను? ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. మా ఆడపడుచు నవ్వనే నవ్వింది.

"అయ్యో వదినా, కారు గురించేగా! మా అన్నయ్యకి అంత సీన్ లేదులే."

అంత సీన్ లేదనే ఇన్నేళ్ళూ నేనూ ధీమాగా ఉన్నాను. మాది కళ్ళద్దాల దుకాణం. ముందు కౌంటర్లో నేను ఫ్రేములు చూపిస్తాను, వెనక చిన్నగదిలో ఆయన అద్దాలు అరగదీస్తాడు. మధ్యలో ఓ కర్టెన్. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కర్టెన్‌కి ఇవతల నేను వాగుతూ ఉంటాను, అవతలి నుంచి "ఊఁ" అని వస్తూ ఉంటుంది. అమ్మాయి పుట్టిందని నర్సు వచ్చి చెబితే కూడా ఊఁ అన్నాడట. ఆ నర్సు నా దగ్గరికొచ్చి, "మీ ఆయనకి వినబడుతుందా అమ్మా?" అని అడిగింది.

అలాంటి మనిషి ఓ రోజు కర్టెన్ వెనక నోటితో ఇంజను చప్పుడు చేశాడు.

"కాదండీ, అలా కాదు. టకటకటక... టక! ఆ చివరిది కాస్త ఆగి వస్తుంది. ఆఁ, అదే! మీదీ అంతేనా?" అని పకపకా నవ్వాడు.

ఓ పెద్దాయన ముఖానికి ఫ్రేము సరిచేస్తున్నాను అప్పుడు. "అమ్మా, చెవి, చెవి!" అని ఆయన అరిస్తేగాని నా చేతి కింద ఏమవుతోందో నాకు తెలియలేదు. మా అమ్మాయి చిన్నప్పుడు ఒక్కసారి పిల్లిలా మ్యావ్ అనండీ, నవ్వుతుంది అని ఎంత బతిమాలినా అనని మనిషి, ఎవరో అడిగారని ఇంజనులా అరుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫోన్లో ఆవిడ పళ్ళ డాక్టరట. మా కారూ ఆవిడ కారూ ఒకటే రకం, ఒకే ఏడు కొన్నవి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజను లోపల్నుంచి ఆ టకటక వస్తుంది. సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్ళేసరికి వేడెక్కి నోరు మూసుకుంటుంది. వాళ్ళేమో, "ఈ మోడల్‌కి ఇది మామూలే సార్" అని పంపించేస్తారు. అలా పంపించేసిన వాళ్ళందర్నీ ఈవిడ ఒక గ్రూపులో పోగేసింది. లోపల చైనును బిగించి పట్టే చిన్న ముక్క ఏదో ఉందట. అది వదులైతే చైను జారి, పరిగెత్తే బండి ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఆ ముక్కలోనే తయారీ లోపం ఉందని, కంపెనీ బండ్లన్నీ వెనక్కి పిలిచి ఉచితంగా మార్చాలని వీళ్ళ పోరు. ఇదంతా మా ఆయన నాకు చెప్పాడనుకునేరు. కర్టెన్ చెప్పింది. నేను ఇన్నేళ్ళు తంటాలుపడ్డా తెరుచుకోని నోటిని ఆ పళ్ళ డాక్టరు ఫోన్లోనే తెరిపించిందంటే, ఆవిడ హస్తవాసి గొప్పదే అనుకోవాలి.

సరే, వాగుకోనీ అని ఊరుకునేదాన్నేమో. కానీ ఆయన నన్ను కారెక్కనివ్వడం మానేశాడు.

మార్కెట్‌కి పోదామంటే, "బస్సులో వెళ్ళు." వాళ్ళ చెల్లెలింటికంటే, "బస్సులో వెళ్దాం." కొత్త కారు గుమ్మం ముందు పెట్టుకుని బస్‌స్టాపులో నిలబడుతుంటే ఎదురింటావిడ నన్ను ఎగాదిగా చూసేది. ఎందుకని అడిగితే, "ఊఁ, పెట్రోలు దండగ" అనేవాడు. సర్వీసు సెంటర్‌కి మాత్రం ఒక్కడే తీసుకెళ్ళేవాడు. అప్పుడు పెట్రోలు ఊరికే వచ్చేది కాబోలు.

ఇది ఎప్పుడు మొదలైందో కూడా నాకు బాగా గుర్తు. మా ఆడపడుచు ఇంటినుంచి తిరిగొస్తున్నాం. నేను ముందుసీట్లో నిద్రపోయాను. కారెక్కితే నాకు వెంటనే నిద్రపడుతుంది, అది నా వరం. ఏదో పగిలిన చప్పుడుకి మెలకువొచ్చి చూస్తే, కారు పెద్ద వంతెన మీద, ఓ పక్కకి అతుక్కుని ఆగి ఉంది. ఆయన వైపు అద్దం విరిగి వైరుకి వేలాడుతోంది.

"వచ్చేశామా?" అన్నాను.

"లేదు. టీ తాగుదామని ఆపాను."

"వంతెన మీద టీ మీకెవడు పోస్తాడండీ? బుద్ధుందా? అద్దం ఎక్కడ గుద్దారు?"

"ఊఁ" అన్నాడు. బండి మళ్ళీ స్టార్టయి ఇంటికొచ్చేదాకా వాయించాను. ఆ తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ టీ కథ చెప్పి నవ్వించాను, కర్టెన్ వెనక ఆయన వింటుండగానే. అందుకే అలిగి నన్ను కారెక్కనివ్వట్లేదని కొన్నాళ్ళు అనుకున్నాను.

అనుకోవడం ఒకరోజు పొద్దున్న బస్సు కిటికీలోంచి చూసేదాకానే. ఫ్రేములు తేవడానికి వెళ్తున్నాను. సర్వీసు సెంటర్ ఎదురుగా బస్సాగింది. ఆవరణలో మా కారు, ముందురోజే అక్కడ వదిలిపెట్టి వచ్చాడు. డ్రైవర్ సీట్లో మా ఆయన. పక్కన నా సీట్లో ఓ ఆడమనిషి, కళ్ళు మూసుకుని తల ముందుకి వంచి ఉంది. ఈయన చూపుడువేలు ఎత్తి, ఇదిగో ఇప్పుడు విను అన్నట్టు ఆవిడ వైపే చూస్తున్నాడు. నా వైపు ఎప్పుడైనా అలా చూశాడా? నేను మాట్లాడుతుంటే గోడ గడియారం చూసే మనిషి! ఆ కారు కదలట్లేదు, అది ఆగి ఉన్న కారు అన్న సంగతి నా బుర్రకెక్కనే లేదు. నా సీటు. అంతే కనబడింది.

అంతలో ఆవిడ తలెత్తింది. ముఖానికి తేనెరంగు ఫ్రేము.

ఆ ఫ్రేము నాది. వచ్చిన రోజే మనసుపడి, కొట్లో పెట్టకుండా సొరుగు అడుగున దాచుకున్నాను. రెండురోజుల కిందట వెతికితే కనబడలేదు. నాకోసమని దాచానని ఎవరితోనూ చెప్పలేదనుకోండి, ఆయనతో కూడా. అయినా సరే, ఊరినిండా ఇన్ని ఫ్రేములుండగా అదే తీసి ఆవిడకి పెట్టాలా? దిగాల్సిన స్టాపు దాటిపోయినా నేను బస్సులోనే కూర్చున్నాను. కుళ్ళు అంటారే, అది కడుపులో ఉంటుందనుకునేదాన్ని. కాదు, గొంతులో ఉంటుంది. నీళ్ళు తాగినా దిగలేదు.

ఆ వారమే కర్టెన్ చెప్పింది, ఆదివారం కంపెనీ పెద్ద ఇంజనీరు వస్తున్నాడని, కార్లవాళ్ళందరూ తమకి జరిగింది చెప్పాలని. ఆదివారం ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని, "చిన్న పనుంది" అని వెళ్ళాడు. ఆ వెనకే వచ్చిన బస్సులో నేనూ వెళ్ళాను. ఏం చేద్దామని వెళ్ళావంటే, ఆవిణ్ణి దగ్గర్నుంచి చూద్దామని. చూశాక ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

షోరూం పైఅంతస్తులో హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, చల్లబడిపోయిన కాఫీలు. నేను ఆఖరి వరసలో ఓ లావుపాటాయన వెనక కూర్చున్నాను. ఆవిడ ముందు వరసలో ఉంది. పొడుగు మనిషి, తల సగం నెరిసింది, పెదాలకి రంగు కూడా లేదు. అందగత్తె అయితే తిట్టుకుని సరిపెట్టుకునేదాన్ని. ఇంత మామూలుగా ఉంటే, ఆయనకి నచ్చింది మరి మాటే అయ్యుండాలి. అది ఇంకా మండింది.

ఒక్కొక్కరూ లేచి చెబుతున్నారు. ఇంజనీరు బల్ల వెనక కూర్చుని కలం మూత తీస్తూ పెడుతూ, "శబ్దం వేరు, ప్రమాదం వేరు" అంటున్నాడు. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి, "సార్, మీరు చెప్పండి" అంది. మా ఆయన లేచాడు.

"వంతెన మీద పోతున్నామండీ" అని మొదలుపెట్టాడు. "బండి మంచి వేగంలో ఉంది. చైను జారింది. ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది, బ్రేకు తొక్కితే దిగట్లేదు. వెనక లారీ. హారన్ కొడుతూనే ఉన్నాడు, వాడికీ బ్రేకు అందట్లేదు. బలమంతా పెట్టి పక్కకి లాగాను. లారీ నా అద్దాన్ని గుద్దుకుంటూ పోయింది. ఇంకో మూరెడు ఇటుంటే మమ్మల్ని."

ఇంజనీరు కలం బల్ల మీద పెట్టేశాడు.

"మా ఆవిడ పక్కసీట్లో నిద్రపోతోంది" అన్నాడు మా ఆయన. ఇంకా ఏదో చెప్పబోయాడు. "నిద్రపోతోందండీ" అని మళ్ళీ అదే మాట అని కూర్చున్నాడు.

వంతెన మీద టీ కథ, నేను ఊరంతా నవ్వించిన కథ. జాలి కలిగింది, భయమేసింది, కాదనను. కానీ వాటిని తోసుకుని మళ్ళీ ఆ కుళ్ళే పైకొచ్చింది. ఆ చావు సగం నాది. ఆయనెంత చచ్చి బతికాడో నేనూ అంతే చచ్చి బతికాను. ఆ సంగతి ముక్కూ మొహం తెలియని ఇంతమందికి ముందు తెలుసు, నాకు తెలీదు.

బయటికి నడుస్తుంటే ఆవిడ నన్ను పట్టేసింది.

"మీరు... నిద్రపోయినావిడ కదూ? సార్ ఫోన్లో మీ ఫొటో చూశాం." నా చెయ్యి పట్టుకుంది. "మా గ్రూపులో అందరం మిమ్మల్ని అలాగే అంటాం. మీకు చెప్పమని ఎన్నిసార్లు రాశామో! భయపడుతుంది, ఇక రోడ్డు మీద కాలు పెట్టదు అని రాసేవారు. కదిలే కారులో ఇంకెవర్నీ ఎక్కించుకోనని ఒట్టేసుకున్నారు."

"నాకు పేరు కూడా పెట్టుకున్నారన్నమాట" అన్నాను. ఇంకేం అనాలో తోచక, "ఆ ఫ్రేము మీకు వదులుగా ఉంది. కొట్టుకి రండి, బిగిస్తాను" అన్నాను. ఆవిడ థాంక్స్ చెప్పింది. అది థాంక్స్ చెప్పాల్సినంత తియ్యగా అన్న మాట కాదు.

మెట్ల దగ్గర మా ఆయన నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వెప్పుడొచ్చావ్?"

"నిద్ర లేచి వచ్చాను" అని బస్సెక్కాను.

ఆ రోజునుంచి నేను నోరు కట్టేసుకున్నాను. కర్టెన్‌కి ఇవతల నిశ్శబ్దం. మొదట్లో ఆయనకి హాయిగానే ఉండుంటుంది. తర్వాత్తర్వాత అద్దాలు అరగదీసే మిషను ఆపి ఆపి వినేవాడు. ఓసారి కర్టెన్ తొలగించి తల బయటికి పెట్టి, "ఏమన్నా అన్నావా?" అని అడిగాడు.

"ఊఁ" అన్నాను. ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలిగా.

చివరికి కంపెనీ దిగొచ్చింది. ఆ ఏడు తయారైన బండ్లన్నీ తీసుకురమ్మని, ముక్క ఉచితంగా మారుస్తామని అందరి ఫోన్లకీ కబురు పెట్టింది. మా వంతు వచ్చినరోజు ఆయన సాయంత్రం దుకాణం ముందు కారాపి, హారన్ కొట్టి, దిగొచ్చి నా వైపు తలుపు తీశాడు. పాత ముక్కని అడిగి తెచ్చుకున్నాడట, నా అరచేతిలో పెట్టాడు. బొటనవేలంత ఉంది. దీనికోసమా నేనిన్నాళ్ళు బస్సులెక్కింది అనుకున్నాను.

కూర్చోబోతే వీపుకి ఏదీ ఆనలేదు. సీటు వెనక్కి జరిపి ఉంది. ఆవిడవి పొడుగు కాళ్ళు కదా. నాకు మళ్ళీ సర్రుమంది. కింద చెయ్యి పెట్టి, మీట లాగి, కటకటమని సీటు ముందుకి లాక్కున్నాను. నా మోకాళ్ళు ఎప్పుడూ తగిలే చోటికి వచ్చి తగిలాయి.

ఆయన తాళం తిప్పబోయాడు.

"ఆగండి. ముందు చెప్పండి."

"ఏం చెప్పను? ఆ రోజు విన్నావుగా."

"వాళ్ళకి చెప్పింది విన్నాను. నాకు చెప్పండి."

ఆయన తాళం మీంచి చెయ్యి తీసి స్టీరింగ్ మీద వేశాడు. కస్టమరొకాయన దుకాణం దగ్గరికొచ్చి, మమ్మల్ని చూసి, మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చోనీ అనుకున్నాను.

"లారీ దగ్గరికొచ్చేసింది" అన్నాడు చివరికి. "నిన్ను లేపుదామని చెయ్యి చాచాను. నీ భుజం దాకా వచ్చింది చెయ్యి. నోరు కాస్త తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నావు. పోయేదైతే అలాగే పోనీలే, భయం తెలీకుండా పోతావు, వచ్చేది నేనొక్కణ్ణే చూస్తాను అనుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని స్టీరింగ్ పట్టుకున్నాను."

వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

"నిన్ను అలా ఒదిలేశానే అని ఆ తర్వాత నిద్రపట్టలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

"ఆ డాక్టరమ్మకి?"

"ఎవరికీ చెప్పలేదన్నానుగా."

గొంతులో ఇన్నాళ్ళూ అడ్డంపడి ఉన్నది అప్పుడు దిగింది. దిగాక దాని వెనకే కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసే వచ్చాయి.

"నేను నిద్రలో పోయేదెందుకండీ? ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్క క్షణమైనా నాతో మాట్లాడాలని అనిపించలేదా? ఇంకోసారి అలాంటిదే వస్తే నన్ను లేపండి. మిమ్మల్ని తిట్టుకుంటూ పోతాను గానీ, మిమ్మల్ని ఒక్కర్నే చూడనివ్వను. తెలిసిందా?"

ఆయన ఊఁ అంటాడని చూశాను.

"లేపుతాను" అన్నాడు.